కొత్త మామిడికాయ ఎప్పుడు తినాలి?

ఖమ్మం, భద్రాచలం వైపు ఏ పెద్ద సభ జరిగినా ఒక వీడియో మీ ఫోన్‌లోకి వచ్చి తీరుతుంది. తలమీద అడవిదున్న కొమ్ములు, వాటి మధ్య నెమలి ఈకలు, మెడలో బరువైన డోలు. మండుటెండలో మగవాళ్లు డోలు కొడుతూ తలలు ఊపుతుంటారు. ఆడవాళ్లు ఒకరి నడుము మీద ఒకరు చెయ్యేసి అడుగు కలుపుతుంటారు. వచ్చే పెద్దమనిషి కారు దిగేదాకా ఆట ఆగదు. ఆయన స్టేజీ ఎక్కాక కొమ్ములవాళ్లు నీడ వెతుక్కుంటారు. రీల్ కింద మాత్రం 'ట్రైబల్ డ్యాన్స్ సూపర్', పక్కన మూడు మంట బొమ్మలు.

రీల్స్ మీద నాకేం కోపం లేదు. నేనూ చూస్తాను, నేనూ లైక్ కొడతాను. కానీ ఖమ్మంలో పుట్టి పెరిగినవాడిగా ఒక్క మాట చెప్పాలి. మా పక్కనే, గోదావరి రెండు గట్ల మీదా కొన్ని తరాలుగా బతుకుతున్న కోయవాళ్ల గురించి మనలో చాలామందికి తెలిసింది ఆ కొమ్ముల దగ్గరే మొదలై అక్కడే అయిపోతుంది. ఇంకాస్త తెలుసంటే అది సినిమా కోయదొర. మెడలో పూసలు, చేతిలో కర్ర, అర్థంలేని నాలుగు ముక్కలు, వాటికి 'కోయభాష' అని పేరు. థియేటర్లో నవ్వులు.

ఆ కొమ్ముల సంగతే తీసుకోండి. ఆ ఆటను 'పెర్మకోక్' అంటారు. పెళ్లికి, పండుగకి, వేల్పుల కొలుపుకి ఆడే ఆట అది. అడవిదున్న 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి రక్షణ ఉన్న జంతువు. కొత్త కొమ్ములు తెచ్చుకునే దారి లేదు. కాబట్టి పాత కొమ్ము మీరు చూసినప్పుడల్లా అది ఎవరి తాతదో, ముత్తాతదో అనుకోండి. ఇంట్లో చూరు కింద భద్రంగా దాచుకున్న వస్తువు. దాన్ని మనం స్వాగత తోరణం చేసుకున్నాం.

కదలని మనిషి, కదిలే జిల్లా

వాళ్లు తమను తాము 'కోయితూర్' అని చెప్పుకుంటారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా నాలుగింట్లోనూ ఉన్నారు. మీ కాలేజీలో సోయం, కుంజా, మడకం, పాయం, ఇర్పా, సోడె, కారం, తుర్రం అనే ఇంటిపేర్లు విని ఉంటారు కదా, చాలావరకు వాళ్లే. వాళ్ల భాష ద్రావిడ కుటుంబంలో గోండికి దగ్గరి చుట్టం. అది తెలుగు యాస కాదు. దానికి దాని వ్యాకరణం ఉంది. 1969లోనే స్టీఫెన్ టైలర్ అనే అమెరికన్ పండితుడు గోదావరి ఒడ్డు కోయల మాట మీద ఒక వ్యాకరణ పుస్తకం వేశాడు. సినిమా రచయితలకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

ఒక లెక్క చెప్తాను చూడండి. 1950లో కూనవరం దగ్గర పుట్టిన ఒక కోయ రైతు ఉన్నాడనుకుందాం. గూడెం విడిచి ఎక్కడికీ పోలేదు. పుట్టినప్పుడు ఆయనది తూర్పు గోదావరి జిల్లా. 1959లో భద్రాచలం ప్రాంతాన్ని ఖమ్మం వైపు కలిపారు, ఖమ్మం జిల్లావాడు అయ్యాడు. 2014లో పోలవరం కోసం ఏడు మండలాల్లోని ఊళ్లను ఆంధ్రాకు ఇచ్చారు, మళ్లీ తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. మనిషి కూర్చున్న చెట్టు కింద నుంచి లేవలేదు, ఆయన చిరునామా మాత్రం అటూ ఇటూ తిరిగింది. ఇటు భద్రాచలం పట్టణం 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లింది. ఒకే పెళ్లిలో కలిసే చుట్టాలు ఇప్పుడు రెండు రాష్ట్రాల ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు.

ఇన్నిసార్లు గీతలు మారినా వాళ్లు వాళ్లుగా ఎట్లా మిగిలారు? నాకు తెలిసినంతలో మూడు విషయాలు వాళ్లను పట్టి ఉంచాయి. పండుగ, వంశం, మాట.

ముందు అడిగి, తర్వాత తిని

డిగ్రీలో నా రూమ్మేట్ దుమ్ముగూడెం వైపు కోయ కుర్రాడు. ఎండాకాలం మొదట్లో మేమంతా కాలేజీ గోడ దూకి పచ్చి మామిడికాయలు కోసుకుని ఉప్పూ కారం అద్దుకుని తింటుంటే వాడు ముట్టేవాడు కాదు. పంటినొప్పి అనుకున్నాం. చాన్నాళ్లకు చెప్పాడు. "మా ఊళ్లో పండుగ కాలేదు రా. పండుగ కాకుండా కొత్తకాయ నోట్ల పెట్టం."

కోయభాషలో పండుగను 'పండుము' అంటారు. మనకు పండుగంటే కొత్త బట్టలు, సెలవు, సినిమా. వాళ్లకు పండుము అంటే దాదాపు ఒక అనుమతి పత్రం. విత్తనాలు చల్లే ముందు విత్తనాల పండుగ చేస్తారు. గింజల్ని వేల్పు ముందు పెట్టి, పూజారి చేతి మీదుగా తీసుకుని అప్పుడు దుక్కిలో వేస్తారు. కొత్త ధాన్యం వస్తే కొత్తల పండుగ. మామిడికి ఒకటి, చిక్కుడుకాయకు ఒకటి, ఇప్పపువ్వుకు ఒకటి. ఊరంతా కలిసి వేల్పులకూ, చనిపోయిన పెద్దలకూ ముందు పెట్టాకే ఇంట్లో వండుకోవడం. డబ్బున్నవాడైనా అంతే, లేనివాడైనా అంతే.

దీన్ని మూఢనమ్మకం అనేసి పక్కకు జరగొచ్చు. ఒక్క నిమిషం ఆగి లెక్కేయండి. ఊళ్లో ఎవరూ తొందరపడి లేతకాయ తెంపకపోతే కాయ ముదురుతుంది, టెంక గట్టిపడుతుంది, నాలుగు గింజలు నేలకు మిగులుతాయి. అందరూ ఒకే రోజు మొదలుపెడితే చెట్టు దగ్గర్లో ఉన్నవాడు ముందే ఊడ్చుకుపోవడం ఉండదు. కాళ్లు సత్తువ లేని ముసలమ్మకు కూడా ఆ రోజు తన వాటా వస్తుంది. వాళ్లు దీన్ని ఇట్లా పర్యావరణ పాఠంలా చెప్పరు. "పెద్దోళ్లకు పెట్టకుండా ఎట్ల తింటం?" అంటారు, అంతే. నాకు ఆ కారణమే ఎక్కువ నచ్చుతుంది.

ఇట్లాంటి మర్యాద ప్రపంచంలో ఇంకోచోట కూడా ఉంది. పసిఫిక్ సముద్రంలో గువాం అనే దీవి, దాని చుట్టుపక్కల దీవుల్లో చమోరు అనే ఆదివాసీ ప్రజలు ఉన్నారు. అడవిలో అడుగుపెట్టే ముందు అక్కడున్న పూర్వీకుల ఆత్మలను అనుమతి అడగాలని వాళ్ల పెద్దలు పిల్లలకు నేర్పుతారు. ఒకరికొకరు మేలు చేసుకుంటూ కలిసి ఉండటాన్ని వాళ్లు 'ఇనాఫామావొలెక్' అంటారు. వాళ్ల విలువలన్నిటికీ ఆ మాటే మూలం. గోదావరికీ గువాంకీ మధ్య వేల కిలోమీటర్లు. అడవిని ముందు అడగాలి అన్న తెలివి మాత్రం రెండు చోట్లా ఒకటే. రెండు నిమిషాల్లో గుమ్మం ముందు సరుకు దిగే కాలంలో పెరుగుతున్న మనకు, ఆగి తినడం అన్నది వింతగానే ఉంటుంది మరి.

గుడ్డ మీద వంశం

రెండోది వంశం. కోయల్లో 'గట్టు' అనే ఏర్పాటు ఉంది. మూడో గట్టు, నాలుగో గట్టు, అయిదో గట్టు, ఇట్లా. ఒక్కో గట్టులో కొన్ని ఇంటిపేర్లు, వాళ్లకో వేల్పు. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ముల వరస, పెళ్లి కుదరదు. ఎక్కడో ఛత్తీస్‌గఢ్ అడవిలో కొత్తమనిషి ఎదురైనా గట్టు అడిగితే చాలు, బావ అవుతాడో తమ్ముడవుతాడో తేలిపోతుంది. అప్పుడు పిలుపు మొదలవుతుంది, తర్వాత భోజనం.

మరి ఇన్ని తరాల చరిత్రను లిపి లేకుండా ఎట్లా దాచారు? అక్కడే 'పడిగె' వస్తుంది. మూడు మూలల పొడవాటి గుడ్డ. దాని మీద వంశ మూలపురుషులు, వేల్పులు, జంతువులు, గుర్తులు బొమ్మలుగా ఉంటాయి. మామూలు కంటికి అది జెండా. తెలిసినవాడికి పుస్తకం. వేల్పుల కొలుపు రోజు దాన్ని బయటికి తీస్తారు. డోలి కోయలు డోలు కొడుతూ ఆ వంశం కథ పాడతారు. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, ఏ ఏరు దాటారు, ఎవరితో పోరాడారు, ఎవరికి ఎవరు చుట్టం, అన్నీ ఆ పాటలో ఉంటాయి.

ఆ పాట పాడేవాళ్లలో మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారి పేరు మీరు వినే ఉంటారు. కోయభాషలోనూ తెలుగులోనూ వంశగాథలు, సమ్మక్క సారలమ్మల కథ నోటికి పాడగలిగిన మనిషి. 2022లో కేంద్రం పద్మశ్రీ ఇచ్చింది. ఆ వారమంతా టీవీల్లో ఆయనే. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. ఆ రోజు స్టేటస్‌లు కూడా చూశాం. ఒక్కటి ఆలోచించండి. ఏ గ్రంథాలయమన్నా తగలబడితే కనీసం ఏయే పుస్తకాలు పోయాయో జాబితా అన్నా ఉంటుంది. ఒక డోలి కళాకారుడు పోతే ఏయే కథలు పోయాయో చెప్పడానికి కూడా ఆయనే కావాలి.

బెల్లమే బంగారం

మేడారం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. రెండేళ్లకోసారి మాఘమాసంలో ములుగు జిల్లా అడవిలోకి జనం ఏరులై పారతారు. 1996లో ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగ చేసింది. ఈమధ్య ములుగులో పెట్టిన కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయానికి కూడా సమ్మక్క సారక్కల పేరే. కరువులో పన్ను కట్టలేమన్నందుకు కాకతీయుల సైన్యం మీదికొస్తే తల్లీబిడ్డలు ఎదురు నిలిచారన్నది జనం చెప్పుకునే కథ. జంపన్న పడిపోయిన సంపెంగ వాగే జంపన్న వాగు అయింది.

మనం గమనించని సంగతి ఒకటుంది. అక్కడ గుడి లేదు, చెక్కిన విగ్రహం లేదు. కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో కోయ పూజారులే తెస్తారు. గద్దెల మీద నిలుపుతారు. మళ్లీ వనానికి పంపేస్తారు. మిగతా రోజుల్లో తల్లి అడవిలోనే. అక్కడ బంగారం అంటే బెల్లం. కిలోకు ఎంతో కొంత పెట్టి పేదవాడు కూడా తన ఎత్తు బంగారం తూచి ఇవ్వగలడు. దేవుడి ముందు ధనిక పేద తేడా తుడిచేసే ఏర్పాటు ఇంతకన్నా తేలికైంది నాకు కనిపించలేదు. అలాంటి చోటికి మనం మోసుకెళ్లేది బెల్లం, వదిలేసి వచ్చేది ప్లాస్టిక్.

భద్రాచలం కథ కూడా కోయగూడెం పక్క నుంచే మొదలవుతుంది. రామదాసు గుడి కట్టాడని, గోల్కొండలో జైలుకు పోయాడని అందరికీ తెలుసు. అంతకు ముందు పుట్టలో దాగిన స్వామిని కనుక్కుని తాటిపండు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క అనే అడవిబిడ్డ అని స్థలపురాణమే చెప్తుంది. కల్యాణం లైవ్ చూసేటప్పుడు ఆమెను కూడా ఒకసారి తలుచుకోండి.

ఏరు అంటే నీళ్లు

ఇప్పుడు మూడోది, మాట. నాకు భయం వేసేది ఇక్కడే.

నా రూమ్మేట్ ఇప్పుడు ఖమ్మంలో ఉద్యోగం చేస్తున్నాడు. అయిదేళ్ల కూతురు. మొన్న సంక్రాంతికి వాళ్లమ్మ ఊరి నుంచి వచ్చింది. భోజనం దగ్గర మనవరాలిని "ఏరు" తెమ్మంది. కోయలో ఏరు అంటే నీళ్లు. ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూసి "ఏరు ఎక్కడుంది నానమ్మా, ఇక్కడ రోడ్డే ఉంది కదా" అంది. అందరం నవ్వాం. పెద్దావిడ కూడా నవ్వింది. కాసేపటికి లేచి తనే నీళ్లు ముంచుకుంది. ఆ తర్వాత ఆ రోజంతా మనవరాలితో తనకొచ్చిన కాస్త తెలుగులోనే మాట్లాడింది. తెలుగు చాలక మధ్యలో ఆగిపోయింది.

"నువ్వు పాపతో కోయలో ఎందుకు మాట్లాడవు రా?" అని అడిగాను. వాడు వెంటనే చెప్పలేదు. మేడమీదికి పోయాక చెప్పాడు. చిన్నప్పుడు బళ్లో పలక మీద ఇంటి బొమ్మ చూపించి ఇదేంటని అడిగితే 'లోను' అన్నాడట. కోయలో ఇల్లంటే అదే. క్లాసంతా నవ్వింది. "తప్పు చెప్పలే బై నేను. కరెక్టే చెప్పిన. కానీ ఆరోజు నుంచి బడిల నోరు తెరవలే. నా బిడ్డకు అట్ల కావొద్దని..." అన్నాడు.

వాడిని నేను తప్పుపట్టలేను. బిడ్డను నవ్వులపాలు చేయకూడదనుకున్న తండ్రి వాడు. కానీ ఒక తరం కాపాడాలనుకుని మూసేసిన నోరు, ఇంకో తరానికి మూతపడిన తలుపు అవుతోంది. చమోరు వాళ్లకూ ఇదే జరిగింది. 20వ శతాబ్దం మొదటి భాగంలో అమెరికా నౌకాదళం పాలనలో బడిలో పిల్లలు సొంత భాష మాట్లాడకూడదన్నారు. దెబ్బలు తిన్న పిల్లలు పెద్దయ్యాక తమ పిల్లలకు ఇంగ్లీషే నేర్పారు. ఇప్పుడు మనవలు తరగతి గదుల్లో కూర్చుని ముత్తవ్వల భాషను అ ఆల నుంచి నేర్చుకుంటున్నారు. పోగొట్టుకోవడానికి ఒక తరం చాలు, తెచ్చుకోవడానికి ఎన్ని తరాలు కావాలో ఎవరూ చెప్పలేరు.

మన దగ్గర ప్రయత్నమే జరగలేదని కాదు. ఉమ్మడి రాష్ట్రంలోనే కోయతో సహా కొన్ని గిరిజన భాషల్లో తెలుగు లిపితో చిన్న తరగతుల వాచకాలు తెచ్చారు. మొదట ఇంటి భాషలో, తర్వాత తెలుగులో అన్నది పద్ధతి. మంచి పద్ధతి. కానీ వాచకం ఒక్కటే భాషను నిలబెట్టదు. దానికి కోయ వచ్చిన టీచరు కావాలి, ఇంట్లో సిగ్గుపడని అమ్మానాన్నలు కావాలి, పక్క బెంచీలో నవ్వని మనం కావాలి. 2003లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో సంతాలీ, బోడో భాషలకు చోటు దొరికింది. నాలుగు రాష్ట్రాల్లో మాట్లాడే కోయ ఆ జాబితాలో లేదు.

చెట్టు లారీ ఎక్కదు

ఇంకో మాట. ఇవన్నీ గాల్లో వేలాడేవి కావు, నేల మీద నిలబడేవి. అందుకే నేల గురించిన చట్టాలు సంస్కృతి గురించిన చట్టాలు కూడా అవుతాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని చెప్పే 1/70 ఉంది. అడవి మీద ఉమ్మడి హక్కుల్ని గుర్తించే 2006 చట్టం ఉంది. 1996 నాటి పెసా అయితే సంప్రదాయాలను, ఆచారాలను, ఉమ్మడి వనరులను కాపాడుకునే శక్తి గ్రామసభకే ఉందని సూటిగా రాసింది. కాగితం మీద అంతా ఉంది. గ్రామసభలో ఆ కాగితం చదివి వినిపించేవాళ్లు కావాలి.

పోలవరం ముంపులో పోయే ఊళ్లలో చాలావరకు కోయల, కొండరెడ్ల ఊళ్లే. నష్టపరిహారం లిస్టులో ఇంటికి కొలత ఉంటుంది, పొలానికి ఎకరం లెక్క ఉంటుంది. వేల్పు నిలిచిన రాయికి ఏం కడతారు? తాతను పూడ్చిన చోటుకు? పునరావాస కాలనీలో వరసగా కట్టిన ఇళ్లలోకి మంచం వస్తుంది, బీరువా వస్తుంది. ఇప్పచెట్టును లారీ ఎక్కించలేం. ఇప్పచెట్టు లేనిచోట ఇప్పపువ్వు పండుగ ఏ రోజు చేయాలి? ఇది భావుకత అనుకోకండి. ఆ ఊళ్లలో పెద్దలు నిజంగా తేల్చుకోవాల్సిన ప్రశ్న.

సరే, ఫోన్ పట్టుకున్న మనం ఏం చేయగలం? పెద్ద పెద్ద పనులు చెప్పను.

మీరు కోయ ఇంటి బిడ్డ అయితే ఈ ఆదివారం అవ్వ దగ్గర కూర్చోండి. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఉంటుంది, నొక్కండి. మీ గట్టు ఏది, వేల్పు ఎవరు, మీ ఇంటివాళ్లు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చారు అని అడగండి. ఆమె కోయలోనే చెప్పనివ్వండి. అర్థం కాని మాటలు మళ్లీ అడగండి. దాన్ని యూట్యూబ్‌లో పెట్టాలా వద్దా అన్నది ఆమెనే అడిగి తేల్చుకోండి. కొన్ని కథలు ఇంటివి, కొన్ని ఊరివి.

మీరు కోయ కాకపోతే మీ పని ఇంకా తేలిక. గూడేనికి వెళ్తే ఫోన్ తీసే ముందు అడగండి. రీల్ పెడితే ఊరి పేరు రాయండి, ఆడినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేర్లు రాయండి. కాలేజీలో ఎవరైనా కోయభాష అంటూ నోటికొచ్చింది కూస్తే నవ్వకండి. ఒకడు నవ్వకపోయినా ఆ జోకు సగం చచ్చిపోతుంది.

నా మిత్రుడి సంగతి చెప్పి ముగిస్తాను. వాళ్లమ్మ ఊరికి వెళ్లిపోయాక పాపకు రోజుకో కోయ మాట నేర్పుతున్నాడట. తనకే కొన్ని మాటలు గుర్తురాక రాత్రిళ్లు అమ్మకు ఫోన్ చేస్తున్నాడు. ఈ ఎండాకాలం మామిడి పండుగకు పాపను ఊరికి తీసుకెళ్తానన్నాడు, బడికి సెలవు పెట్టించి మరీ. నన్ను కూడా రమ్మన్నాడు. అప్పటిదాకా వాళ్లింట్లో కొత్త మామిడికాయ పచ్చడి లేదు. నేనూ మా ఇంట్లో ఈసారి ఆగుదామనుకుంటున్నాను. ఇంట్లోవాళ్లను ఒప్పించడమే కష్టంగా ఉంది.